మా అత్తగారి వంకలు వెతుక్కుంటూ రాజమండ్రి

రాజమండ్రి వెళ్ళొచ్చినవాళ్ళు గోదావరి గురించి చెబుతారు, వంతెనల గురించి చెబుతారు, ఫొటోలు చూపిస్తారు. నేనూ అవన్నీ చూశాను, ఫొటోలూ తీశాను. కానీ మేం నలుగురం పనిగట్టుకుని వెళ్ళింది వాటి కోసం కాదు. మా అత్తగారు నా వంటకి మళ్ళీ వంకలు పెట్టాలన్న ఆశతో వెళ్ళాం. నవ్వకండి, మొదట్నుంచీ చెబుతాను.

మాది తుని. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన శ్రీను బైకుల మెకానిక్. మాకొక్కతే కూతురు, పదేళ్ళ జాహ్నవి. మా అత్తగారు నూకాలమ్మ సముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టారు. పదిహేనో ఏట నెత్తికెత్తుకున్న చేపల తట్ట అరవై దాటినా దించలేదు. తుని మార్కెట్లో ఆవిడ దగ్గర కొన్నవాళ్ళు చేప మొప్ప ఎత్తి చూడరు. నూకాలమ్మ తట్టలో ఉందంటే మంచి చేపేనని వాళ్ళ నమ్మకం.

పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో నా వంట బాగుందని ఆవిడ ఒక్కసారీ అనలేదు. "ఉప్పు చాల్లేదమ్మాయ్." "చింతపండు పిసికావా, నీళ్ళలో ముంచి తీశావా?" "ఇది పులుసా, చారా?" ఇదీ వరస. ఈ మాటలనడానికి ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోనక్కర్లేదు. మా ఇంట్లో పొయ్యి మీదున్న కూరని రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. మూత తీసి, వంగి, ఆవిరి ఒక్కసారి పీల్చి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాలి. నాకా విద్య ఇప్పటికీ రాలేదు. ఆవిడైతే వీధి అరుగు మీద కూర్చునే చెప్పేసేవారు.

శివరాత్రికి ముందు ఆవిడకి వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన, రుచి రెండూ పట్టుకుపోయింది. ఆ సంగతి ఆవిడ మాకు చెప్పలేదు. ఒకరోజు నేను పులుసులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. మా ఆయన మొదటి ముద్దకే కంచం పక్కకి జరిపారు. అత్తగారు మాత్రం శుభ్రంగా తినేసి, చెయ్యి కడుక్కుంటూ, "బాగుందమ్మా" అన్నారు. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మాట అది. వినగానే వెళ్ళి ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను.

తర్వాత నెలలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఆవిడ స్వయంగా ఏరి తెచ్చిన చేప ఇంటికొచ్చి చూస్తే పాడైపోయి ఉంది. జాహ్నవి ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. అత్తగారు దాన్ని పెరట్లో పూడ్చేసి, తట్ట కడిగి, మెట్ల కింద బోర్లించేశారు. "ఎవరి పిల్లలకైనా పాడు చేప అంటగట్టేస్తానేమో, ఇంక నా వల్ల కాదు" అన్నారు. అంతే, మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళలేదు. వంటింట్లోకీ రావడం మానేశారు. డాక్టరుగారు నెమ్మదిగా తిరిగి రావచ్చనీ, రకరకాల వాసనలు చూపిస్తూ ఉండమనీ చెప్పారు. లవంగం, నిమ్మకాయ, కర్పూరం రోజూ ముక్కు దగ్గర పెడుతూనే వచ్చాం. ఎనిమిది నెలలు గడిచాయి. ఏం పెట్టినా "బాగుందమ్మా" అనే మాటే. ఆ మాటంటే నాకు భయం పట్టుకుంది.

దసరా వెళ్ళాక సెలవులు ఇంకా మూడు రోజులున్నాయి. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో సాయంత్రం పూట వీధంతా తిండి దుకాణాలే పెడుతున్నారని మా ఆయనకి ఎవరో కస్టమరు చెప్పారట. "ఒక్కో వాసనా పట్టుకుని చూపించడం ఏంటే, వాసనలన్నీ ఒకేచోట ఉన్న దగ్గరికి అమ్మనే తీసుకెళ్దాం" అన్నారు. మా ఆయనకి ఏడాదికొకసారి మంచి ఆలోచన వస్తుంది. ఈ ఏడాదిది ఇదే.

రైల్లో అన్నవరం ప్రసాదం

పొద్దున్న పాసింజరు ఎక్కాం. అన్నవరంలో ఒక జంట ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చున్నారు. తణుకు దగ్గర చెరకు రైతులట, కొండ మీద వ్రతం చేయించుకుని ఇంటికి వెళ్తున్నారు. కూర్చున్న రెండు నిమిషాల్లోనే ఆయన మా ఊరు, మా పేట, మా ఆయన చేసే పని, జాహ్నవి చదివే క్లాసు అన్నీ అడిగేశారు. మా తునివాళ్ళం రైలెక్కితే ముందు కిటికీ చూసుకుంటాం. గోదావరి ఒడ్డువాళ్ళు ముందు పక్కవాళ్ళని చూసుకుంటారు.

ఆయన భార్య సంచిలోంచి ఆకు పొట్లం తీసి విప్పారు. సత్యనారాయణస్వామి ప్రసాదం. నెయ్యి, బెల్లం, ఏలకుల వాసన పెట్టెంతా కమ్మేసింది. పై బెర్తు మీద పడుకున్నాయన కూడా లేచి కూర్చున్నాడు. అందరికీ తలా కొంచెం పెట్టారు. మేం ముగ్గురం నోట్లో పెట్టుకోకుండా అత్తగారి మొహం వైపు చూస్తున్నాం. ఆవిడ కళ్ళకద్దుకుని తిన్నారు.

"బాగుందమ్మా" అన్నారు.

మా ముగ్గురి మొహాలూ వాడిపోవడం చూసి తణుకు ఆయన కంగారు పడ్డారు. "అదేంటండీ, బాగుందంటే అలా అయిపోయారు?" అని అడిగితే మా ఆయన గొంతు తగ్గించి సంగతి చెప్పారు. ఆయనా గొంతు తగ్గించే, "అయితే మీరు ఆ తిండి వీధిలో ముందు మిరపకాయ బజ్జీ పెట్టించండి, తర్వాత పిడత కింద పప్పు, ఆ తర్వాత..." అని వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టారు. వాళ్ళావిడ ఊరుకోలేదు. "చేపల మనిషికి బజ్జీలెందుకండీ? చేపల పులుసు దగ్గర నిలబెట్టండి" అన్నారు. ఇద్దరికీ ద్వారపూడి దాటేదాకా అదే వాదన. అత్తగారు అంతా వింటూనే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆవిడకి ముక్కు పనిచెయ్యదు గానీ చెవులు పాముచెవులు.

దిగేటప్పుడు తణుకావిడ మిగిలిన ప్రసాదం పొట్లం జాహ్నవి చేతిలో పెట్టి, "మామ్మగారికి రుచి తెలిసిందని మాకు ఫోన్ చెయ్యాలమ్మా" అని నంబరు చెప్పి మరీ రాయించారు.

రోజ్‌మిల్క్

లాడ్జిలో సామాను పడేసి ముందు వెళ్ళింది రోజ్‌మిల్క్ తాగడానికి. రాజమండ్రి వచ్చినవాళ్ళు అది తాగకుండా వెళ్ళకూడదట. గులాబీ రంగు పాలు, పైన దట్టంగా కోవా. గ్లాసు ముప్ఫై రూపాయలు. మా తునిలో ఆ డబ్బుకి ఇద్దరం టీలు తాగి బజ్జీ కూడా తినొచ్చు. అయినా మొదటి గుక్కతోనే నాకు డబ్బు సంగతి గుర్తులేదు. జాహ్నవి మూతికి గులాబీ మీసం వచ్చింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

ఆవిడ ఆలోచించారు. "చల్లగా ఉందమ్మా" అన్నారు.

సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. మా వైపు సముద్రం ఒక్క నిమిషం ఊరుకోదు, అరుస్తూనే ఉంటుంది. ఇక్కడ ఇన్ని నీళ్ళు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంటే నాకు వింతగా అనిపించింది. జాహ్నవి మామ్మ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. ఆవిడ దాని జడ నిమురుతూ, నా వైపు చూడకుండా, మెల్లిగా మాట్లాడారు.

"కూడు తింటుంటే గుడ్డ నమిలినట్టు ఉంటుంది అమ్మాయ్. అది పోనీలే, ఎలాగో మింగేస్తున్నాను. దీన్ని దగ్గరికి తీసుకుంటే తల వాసన తెలవట్లేదు. పురిట్లో నా చేతికిచ్చినప్పటి నుంచి దీని తల వాసన నాకు తెలుసు. ఇప్పుడు ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుంది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడిస్తే తిడతారు కాబట్టి వేరుశనక్కాయలు కొనే వంకతో లేచి వెళ్ళాను.

పట్టిసీమ, ఒక చెప్పు

రెండో రోజు పొద్దున్నే వంతెన దాటి పట్టిసీమ వెళ్ళాం. ఏటి మధ్యలో కొండ, కొండ మీద వీరభద్రస్వామి గుడి. పడవలో వెళ్ళాలి. మా ఆయన పడవ దిగే తొందరలో కొత్త చెప్పుల్లో ఒకటి నీళ్ళలో జారవిడిచారు. అది మా కళ్ళముందే ఊగుతూ ఊగుతూ ధవళేశ్వరం వైపు బయలుదేరింది. పడవాయన దాని వైపోసారి, మా ఆయన కాళ్ళ వైపోసారి చూసి, "రెండోది కూడా వదిలేయండి. దొరికినోడికి జత ఉంటది" అన్నాడు. మా ఆయన నిజంగానే రెండోదీ వదిలేశారు. గుళ్ళోంచి వచ్చాక రేవులో దొరికిన రబ్బరు చెప్పులు కొన్నారు. ఆయన సైజు లేదు, మడమలు వెనక్కి వేళ్ళాడుతూనే తిరిగారు.

గుళ్ళో అత్తగారు చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి. బయటికొచ్చాక, "ఏం మొక్కుకున్నారత్తయ్యా?" అని అడిగాను.

"నీకెందుకు?" అన్నారు.

అడగడం నాదే తప్పు. కానీ ఎనిమిది నెలల తర్వాత ఆ మాత్రం విసురు విన్నందుకే నాకు ప్రాణం లేచొచ్చింది.

తిండి వీధి

ఆ సాయంత్రం ఆరున్నరకల్లా వెళ్ళిపోయాం. వీధికి రెండు చివరలా బండ్లు రాకుండా కర్రలు కట్టారు. మధ్యలో అటూ ఇటూ వరసగా పొయ్యిలు, పెనాలు, కుండలు, రంగు రంగు బల్బులు. ఒకచోట పెసర పునుగులు, ఒకచోట వెదురుబొంగులో కోడి, ఒకచోట పనసాకుల దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలు. పొట్టిక్కలు నేను మొదటిసారి చూడటం. మా ఇడ్లీ పిండే, కానీ ఆకు వాసన పట్టి అదో కమ్మదనం. మాట మర్యాదలు కూడా చూడాలి. "రండి బాబూ, కూర్చోండమ్మా, వేడిగా ఉన్నాయండి, కాలతాయి, నెమ్మదిగా తినండి" అంటారు. మా మార్కెట్లో అయితే ప్లేటు పెట్టి వెనకాల నిలబడ్డవాణ్ణి చూస్తారు.

ముందుగా తణుకు ఆయన చెప్పిన ప్రకారం మిరపకాయ బజ్జీ. మా ఆయన బండివాడి చెవిలో, "అందులో ఉన్నవాటిల్లో బాగా మంటెత్తేది చూసి వెయ్యి బాబూ" అని చెప్పడం నేను విన్నాను. అత్తగారు కొరికారు. నములుతున్నారు. కళ్ళ వెంట జలజలా నీళ్ళు.

"అమ్మా! తెలిసిందా?" అని మా ఆయన అరిచిన అరుపుకి పక్క బండి దగ్గర ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగారు.

"మండిందిరా, అంతే. మంటకి రుచేంటి?" అన్నారు ఆవిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత పిడత కింద పప్పు. మరమరాలు, పప్పులు, ఉల్లిపాయ ముక్కలు కలిపిన పళ్ళెం మధ్యలో నిప్పులు పోసిన చిన్న పిడత పెడతారు. ఆ సెగకి పప్పు కరకరలాడుతూ ఉంటుంది. పొట్లం ముప్ఫై. జాహ్నవి రెండు పొట్లాలు ఖాళీ చేసింది. మామ్మకి గుప్పెడు పెడితే, "గలగలా బాగుంది" అన్నారు. చప్పుడొక్కటే తెలిసిందన్నమాట. పునుగులు, అల్లం పచ్చడి, పొట్టిక్కలు, వెదురు కోడి, అన్నీ అయ్యాయి. అన్నింటికీ అదే మాట.

చివరికి ఆవిడే ఒకచోట ఆగిపోయారు. "మీరు తినండమ్మా. నన్ను చూస్తూ మీరు సరిగ్గా తినట్లేదు. రాను అంటే బాధపడతారని వచ్చాను. ఇంక దీని వెంట పడకండి. పోయింది పోయింది, అంతే" అన్నారు. మా ఆయన రబ్బరు చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని, "సరే, వెళ్ళిపోదాం పదండి" అన్నాను.

మెంతులు

వీధి చివరికి ఇంకో నాలుగు దుకాణాలే ఉన్నాయి. అందరం నడుస్తున్నాం. ఉన్నట్టుండి అత్తగారి చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"అమ్మాయ్, ఎవరో మెంతులు మాడ్చేశారు" అన్నారు.

నాకేం వాసన రాలేదు. అటూ ఇటూ చూశాను. ఆవిడ నా చెయ్యి వదిలేసి, తల కాస్త పైకెత్తి, పీలుస్తూ, మార్కెట్లో జనాన్ని తోసుకుంటూ వెళ్ళే పద్ధతిలో వెళ్ళిపోతున్నారు. పది అడుగుల దూరంలో చేపల పులుసు దుకాణం ఉంది. నలభై ఏళ్ళావిడ కట్టెల పొయ్యి మీద పెద్ద మట్టి దాకతో పులుసు పెట్టింది. అత్తగారు తిన్నగా దాని ముందుకెళ్ళి ఆగారు.

"ఏమ్మా, మెంతులు మాడాయి కదా?"

ఆవిడ గరిటె ఎత్తి పట్టుకుని, "మాడలేదండి. పదేళ్ళ నుంచి పులుసు అమ్ముతున్నానండి, ఒక్కళ్ళు మాటన్నవాళ్ళు లేరు. తినకుండానే వంకలు పెడతారేంటండి?" అంది.

"తినక్కర్లేదమ్మా. మాడాయి. ఒక్క క్షణం ముందు నూనె దించేయాల్సింది."

ఆవిడ కోపంగా పులుసు గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకింది. మొహం మారిపోయింది. మెల్లిగా వెనక్కి తిరిగింది. వెనకాల స్టూలు మీద వాళ్ళాయన సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"పోపు చూడమని చెప్పి ఉల్లిపాయలకి వెళ్ళాను. ఏం చేశారండీ?"

"లాస్ట్ ఓవరే..." అన్నాడాయన.

అప్పటికి మాకు జరిగిందేంటో బుర్రకెక్కింది. మా ఆయన ఒక్క గెంతు గెంతారు, రబ్బరు చెప్పు ఎగిరి పక్క బండి కిందికి వెళ్ళింది. జాహ్నవి, "మామ్మకి వాసన వచ్చింది! మామ్మకి వాసన వచ్చింది!" అని వీధంతా వినబడేలా అరిచింది. నేను వెళ్ళి పులుసావిణ్ణి గట్టిగా కావలించుకుని భోరుమన్నాను.

"అయ్యో, ఏడవకండి మేడమ్, ఈ దాక పారబోసేసి వేరే పెడతాను, డబ్బులు కూడా ఇవ్వద్దు" అంది ఆవిడ హడలిపోయి. మెంతులు మాడినందుకు ఇంతలా ఏడ్చే మనుషుల్ని ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు.

కూర్చోబెట్టి అంతా చెప్పాం. ఆవిడ పేరు వరలక్ష్మి. విన్నాక ముక్కు చీదుకుని, కొంగు బిగించి, "ఉండండి" అంటూ డబ్బాలన్నీ ముందుకి లాగింది. ఒక్కో మూతే తీసి అత్తగారి ముక్కు కింద పెట్టడం మొదలుపెట్టింది. కరివేపాకు, తెలియలేదు. ధనియాల పొడి, తెలియలేదు. ఆవకాయ నూనె.

"ఆవ" అన్నారు అత్తగారు. "పాత ఆవకాయ. కుండ అడుగుది."

చుట్టూ మూగినవాళ్ళు ఓహో అన్నారు. ఇక చూడండి, ఆ వీధికి అదో ఆటైపోయింది. పునుగులాయన అల్లం ముక్క తెచ్చాడు. టీ కొట్టాయన టీపొడి డబ్బా తెచ్చాడు. అవి రెండూ తెలియలేదు. జనం "పర్లేదండి, పర్లేదండి" అన్నారు, పరీక్ష తప్పిన పిల్లని ఊరుకోబెట్టినట్టు. పూలమ్మే ముసలావిడ జనంలోంచి చెయ్యి చాపి ఆకుల కట్ట ఒకటి ఇచ్చింది. అత్తగారు కళ్ళు మూసుకుని పీల్చారు. మళ్ళీ పీల్చారు.

"మరువం" అన్నారు. "మా పెళ్ళిలో నా జడకి కట్టారు."

ఒకటే చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. అత్తగారికి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే పక్కన గెంతుతున్న మనవరాలిని దగ్గరికి లాక్కున్నారు. దాని తల మీద ముక్కు ఆనించారు. చాలాసేపు అలాగే ఉండిపోయారు. వరలక్ష్మి గరిటె ఆపేసింది.

"దీనికి తలంటి ఎన్నాళ్ళయింది అమ్మాయ్?" అన్నారు నా వైపు తిరిగి. "చెమట కంపు కొడుతోంది పిల్ల!"

తిట్టు తిని అంత సంతోషపడ్డ కోడలు ఆ వీధిలో ఇంకొకరు ఉండరు.

బెండకాయ తగువు

మొదటి దాక పక్కకి పోయింది. రెండో దాక పొయ్యెక్కింది. ఈసారి పోపు అత్తగారిది. వరలక్ష్మి వాళ్ళాయన సెల్‌ఫోన్ జాహ్నవి స్వాధీనంలోకి వచ్చింది, తణుకు వాళ్ళకి ఫోన్ చెయ్యడానికి. అవతల్నుంచి "చూశారా, నేను చేపలనే చెప్పాను!" అని ఆవిడ అరుపు మాకందరికీ వినబడింది.

అంతా సవ్యంగా జరుగుతోందనుకుంటుండగా వరలక్ష్మి నిలువునా చీల్చిన బెండకాయలు పులుసులో వేసింది.

"చేపల పులుసులో బెండకాయేంటమ్మా?"

"గోదారోళ్ళమండి మేము. బెండకాయ లేకపోతే పులుసే కాదండి."

"సముద్రం వైపు మామిడికాయ వేస్తాం. ఇలా జిగురు కూరలు వెయ్యం."

"ఏటి చేపకి మామిడికాయెందుకండి, దాని రుచే దానికుంటే?"

అంటే సముద్రపు చేపకి రుచి లేదన్నమాట! ఇద్దరూ పొయ్యికి అటొకరు ఇటొకరు చేరి ఒకళ్ళకొకళ్ళు తగ్గకుండా పావుగంట వాదించుకున్నారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. దించే ముందు అలవాటు కొద్దీ అత్తగారు మూత తీసి, వంగి, ఆవిరి పీల్చారు. ఒకసారి, రెండుసార్లు. తల అడ్డంగా ఊపి వరలక్ష్మి వైపు తిరిగారు.

"ఉప్పు మాత్రం తెలవట్లేదు తల్లీ. నువ్వే చూసుకో" అన్నారు. చిన్నపిల్లలా అన్నారు ఆ మాట. మళ్ళీ వెంటనే, "వస్తుందిలే, అదీ వస్తుంది" అని ఆవిడే అనేశారు.

వేడన్నంలో ఆ పులుసు పోసుకుని తిన్నాం. నిజం చెప్పొద్దూ, బెండకాయే బాగుంది. ఈ సంగతి అత్తగారి ముందు అనలేదు. ప్లేటు నూట ఇరవై అని బోర్డు మీద రాసి ఉంది. వరలక్ష్మి ఎంత బతిమాలినా తీసుకోలేదు. అత్తగారు అక్కడే కూర్చుని రెండుసార్లు వడ్డించుకున్నారు. "ఎలా ఉందండి?" అని వరలక్ష్మి అడిగింది. మేం ముద్ద చేత్తో పట్టుకుని ఆవిడ వైపు తిరిగాం.

"పులుపు చాల్లేదు. అయినా మా కోడలు పెట్టేదానికంటే నయం" అన్నారు.

తిరుగు రైలు

మూడో రోజు మధ్యాహ్నం రైలెక్కాం. మరువం కట్ట వాడిపోయినా ఆవిడ వదల్లేదు, మధ్యమధ్యలో పీలుస్తూనే ఉన్నారు. సామర్లకోటలో వడలమ్మేవాడు ఎక్కితే, "ఆ నూనె నాలుగోసారి కాగింది, కొనొద్దు" అని పెట్టెలో అందరికీ చెప్పి వాడి చేత తిట్లు తిన్నారు. మా ఆయన పొంగిపోయి ఆ వడలే నాలుగు కొన్నారు, అతని మనసు కష్టపెట్టకూడదని.

"ఇప్పుడైనా చెప్పండి అత్తయ్యా, పట్టిసీమలో ఏం మొక్కుకున్నారు?"

"నాకు ముక్కు రాకపోయినా పర్లేదు, నీకు వంట రావాలని" అన్నారు.

ఇది జరిగి రెండు వారాలైంది. ఊళ్ళోకొచ్చాక కొన్ని వాసనలు వచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు. నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. దీపావళి దగ్గరికొచ్చేసింది. కార్తీకం వస్తే మా ఇంట్లో నెల్లాళ్ళు చేప ముట్టం. అందుకని నిన్న ఆదివారం పొద్దున్నే పులుసు పెట్టాను. ఏడు దాటినా అత్తగారు కనబడలేదు. గదిలో లేరు, పెరట్లో లేరు. కంగారు పడి మెట్ల కింద చూద్దును కదా, బోర్లించిన తట్ట అక్కడ లేదు.

పదింటికి వీధి గేటు చప్పుడైంది. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిదోపుకుని, చేపల నీళ్ళతో తడిసిన కాళ్ళతో అరుగెక్కి కూలబడ్డారు. నేను మంచినీళ్ళ చెంబు తీసుకుని వెళ్ళేలోపు ఆవిడ తల పైకెత్తారు. వంటింటి వైపు తిరిగి ఒక్కసారి గట్టిగా పీల్చారు.

"అమ్మాయ్!" అని కేకేశారు. "పులుసులో ఉప్పు మర్చిపోయావ్!"

వంటింట్లోకి పరిగెత్తి చూశాను. నిజమే, మర్చిపోయాను.